రెండోసారికి పడే బ్రేకు

కారున్నవారి నోట తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది. "బ్రేకు కాస్త లోపలికి పోతోంది గానీ, రెండుసార్లు తొక్కితే పడుతుందండీ." జలుబు చేసిందన్నంత తేలికగా అనేస్తారు. విన్నవారు తలయూపుతారు. షెడ్డులో మెకానిక్ సైతం "నడుస్తుంది సార్, ఏం కాదు" అని డబ్బాలో కాస్త పోసి పంపివేస్తాడు. వాహనం విషయంలో ఇంతకన్న ప్రమాదకరమైన ఊరడింపు మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. తెలుగు పండితునికి బ్రేకులతో ఏమి పని అని పెదవి విరిచేవారుంటారు. రోడ్డు దాటే పసివానికి ఎంత పనో నాకూ అంతే పని.

మూసిన పాత్రలోని ద్రవంపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమంగా వ్యాపిస్తుందని పదిహేడవ శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి విద్వాంసుడు చెప్పాడు. మనం పెడలు నొక్కగానే మాస్టరు సిలిండరులోని ద్రవం సన్నని గొట్టాల గుండా చక్రాల దాకా ఆ ఒత్తిడిని మోసుకుపోతుంది. ద్రవం ఇంచుమించు నలగదు గనుకనే ఈ ఏర్పాటు పనిచేస్తున్నది. గాలి అట్లా కాదు, నొక్కితే నలుగుతుంది. గొట్టంలో బుడగ చేరిందంటే మన కాలి బలం దానిని నలపడానికే వ్యయమైపోతుంది. పెడలు దూదిలోకి దిగినట్లు దిగుతుంది.

మరి రెండోసారి ఎందుకు పడుతున్నది? పెడలు వదలినప్పుడు పైడబ్బాలోని ద్రవం మరికొంత సిలిండరులోకి దిగుతుంది. వెంటనే మళ్ళీ తొక్కితే ఆ అదనపు ద్రవం బుడగను ముందే అణచిపెడుతుంది. గాలి పోలేదు, అణగింది, అంతే. కాసేపు ఊరుకుంటే మళ్ళీ మొదటికి వస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రెండోసారి తొక్కడానికి పట్టే ఆ సెకనును ఎవరి ఆయుష్షులోనుండి తీసి వాడుకుంటున్నారు వీరు?

ఇక పేరు సంగతి. అందరూ 'బ్రేకాయిలు' అంటారు. అది నూనె కానే కాదు. డాట్ 3, డాట్ 4 అని డబ్బాలపై కనిపించేవి గ్లైకాలు జాతి ద్రవాలు. పేరును నమ్మి ఇంజను ఆయిలు పోసే ప్రబుద్ధులూ లేకపోలేదు. వ్యాకరణంలో దుష్టసమాసం చెవికి మాత్రమే కటువు. ఈ దుష్టసమాసం లోపలి రబ్బరు వాషర్లను ఉబ్బించి బ్రేకునే తినేస్తుంది. పైగా ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావమున్నది. కొత్త డాట్ 3 ద్రవం మరుగు స్థానం 205 డిగ్రీలకు తగ్గరాదని ప్రమాణం. తేమ చేరిన దానికి ఆ హద్దు 140 డిగ్రీలే. తిరుమల కొండ దిగుతూ, గేరు తగ్గించక, బ్రేకు మీదనే కాలుంచితే ఆ పాత ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుట్టవచ్చు. ఆవిరీ గాలి వలెనే నలుగుతుంది. కనుక గాలి తీయడమంటే పాత ద్రవాన్ని సాగనంపడం కూడా.

పోనీ, ఇది బ్రహ్మవిద్యయా? చక్రం దగ్గర బ్లీడరు నిపిల్ అనే చిన్న మర ఉంటుంది. దానికి లోపల ఏముందో కనబడే సన్నని గొట్టం తగిలించి, రెండో కొనను కొంచెం కొత్త ద్రవమున్న సీసాలో ముంచాలి. ఒకరు పెడలు తొక్కిపట్టగా మరొకరు పానాతో మర వదులు చేస్తే బుడగలు బయటికి వస్తాయి. కాలు ఎత్తకముందే మర బిగించాలి. ఈ వరుస తప్పితే గాలి వెనక్కి దూరుతుంది. బుడగలు ఆగేదాకా ఇంతే. ఏ చక్రం ముందు, ఏది తరువాత అన్నది బండిని బట్టి మారుతుంది, దాని పుస్తకం చూడాలి. పైడబ్బా నడుమ ఖాళీ అయిందా, చేసినదంతా వృథా. సీసాలోకి దిగినదానిని తిరిగి డబ్బాలో పోసే పొదుపరులనూ చూశాను, వారికి నమస్కారం. 2019 ఏప్రిల్ నుండి మన దేశంలో కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. అట్టి బండ్లలో కొన్నింటికి స్కానరు తగిలిస్తే తప్ప లోపల చిక్కిన గాలి వెలికి రాదు.

తప్పంతా మెకానిక్‌దే అనడం నాకిష్టం లేదు. ఇద్దరు మనుషుల పని, ఓపికతో చేయవలసిన పని. దానికి కూలి అడిగితే "గాలికి కూడా డబ్బులా?" అని ఎగతాళి చేసేది యజమానియే. ఆ పెద్దమనిషే సీటు కవర్లకూ పాటల పెట్టెకూ బేరమాడకుండా వేలు పోస్తాడు. అడిగినంత ఇవ్వనివానికి అతడు డబ్బా నింపి పంపక ఏమి చేస్తాడు?

మీ బండి పెడలును రేపు నిలిపి ఉన్నచోటనే నొక్కి చూడండి. మొదటి తొక్కుకే గట్టిగా నిలవాలి. లోతుకు జారి, రెండో తొక్కుకు పైకి లేచిందంటే గాలి చేరి ఉండవచ్చు, వెనుక డ్రమ్ములలో షూలు అరిగి ఎడమై ఉండవచ్చు, ఎక్కడో కారుతూనూ ఉండవచ్చు. ఏదైనది తేలేదాకా దానిని షెడ్డుకు కూడా నడిపించుకొని పోవద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి, అతడడిగిన కూలి ఇవ్వండి.