కుక్కల పోటీలో కార్యకర్తగా వెళుతున్నారా?

ప్రశ్న: నా వయస్సు 62. ఉపాధ్యాయుడుగా పనిచేసి రిటైరయ్యాను. పదేళ్ళుగా షుగరు ఉంది. మాత్రలతో అదుపులోనే ఉంది. మా వీధిలో ఉండే ఒకాయన కెన్నెల్ క్లబ్బు సభ్యులు. ఇంకో ఆరు వారాల్లో వాళ్ళు కుక్కల ప్రదర్శన జరుపుతున్నారట. పనిచేసే మనుషులు చాలక, న్యాయనిర్ణేతకు సాయంగా రింగులో ఉండమని నన్ను అడుగుతున్నారు. నాకూ సరదాగానే ఉంది. కాని మా ఆవిడ "ఈ వయస్సులో కుక్క కరిస్తే ఎవరు పడతారు?" అంటోంది. అవన్నీ ఇంజక్షన్లు చేయించిన జాతి కుక్కలు, భయం లేదని మిత్రుడంటున్నారు. ఎవరి మాట వినాలి? ఆరేళ్ళ మనవణ్ణి కూడా తీసుకువెళ్ళవచ్చా?

— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వెళ్ళండి. పేపరు రెండుసార్లు చదివేసి, మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని గోడ గడియారం వైపు చూస్తూ కూర్చునే పెద్దమనుషులను నేను రోజూ చూస్తుంటాను. నలుగురి మధ్య తిరిగే పని వెతుక్కుంటూ మీ ఇంటికి వస్తే వద్దనకండి. అయితే మీ మిత్రుని మాట పూర్తిగా నమ్మి వెళ్ళకండి. మీ శ్రీమతి అడిగిన ప్రశ్నకు ముందుగా జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళండి. అందుకు ఆరు వారాలు సరిగ్గా సరిపోతాయి.

రింగ్ స్టీవార్డ్ అంటే కుక్కను పట్టుకుని నిలబడే పని కాదు. కుక్కను పట్టుకునేది దాని యజమాని, లేదా ఆయన పెట్టుకున్న హ్యాండ్లరు. వాళ్ళ చేతికి కట్టుకునే నంబర్లు అందజేయడం, పిల్లలు, జూనియర్లు, మన దేశంలో పుట్టినవి, ఓపెన్, చాంపియన్ అని తరగతుల వారీగా పిలవడం, రానివాటిని గుర్తుపెట్టడం, ఫలితాలు పుస్తకంలో పడేటట్లు చూడడం, రిబ్బన్లు అందించడం — ఇదీ మీ పని. కేటలాగును న్యాయనిర్ణేత కంట పడనీయకూడదు. ఏ కుక్క ఎవరిదో ఆయనకు తెలియకూడదు కదా! హాజరు పట్టీతో జీవితమంతా గడిపిన మీకు ఇదంతా కొట్టినపిండి.

చూశారా, ఈ పనుల్లో ఎక్కడా కుక్క మీద చెయ్యి వేయవలసిన అవసరం లేదు. కాని పడుతుంది. ఒకావిడ "మాస్టారూ, ఒక్క నిమిషం దీన్ని పట్టుకోండి, బ్రష్షు తెచ్చుకుంటాను" అంటుంది. ఒక బుల్లి కుక్క గొలుసు తప్పించుకుని మీ కాళ్ళ మధ్య నుంచి దూరుతుంది. గేటు దగ్గర రెండు మగకుక్కలు ఎదురుపడతాయి. పొద్దుటి నుంచి దువ్వెన దెబ్బలు తిని, ఎండలో నిలబడి, మైకు గోలకు బెదిరిన కుక్క ఎంత సాధువైనా ఒక్క క్షణం తన మంచితనం మరిచిపోవచ్చు.

కరిచిన తర్వాత జరిగేది ఇంకా ప్రమాదం. యజమాని చిన్నబుచ్చుకుంటాడు. "అబ్బే, ఇది ఎవర్నీ కరవదండీ!" అంటాడు. మనం మొహమాటపడి "ఏం లేదులెండి, పన్ను తగిలిందంతే" అని చేతిరుమాలు చుట్టుకుని మళ్ళీ రింగులోకి వెళ్ళిపోతాం. క్లబ్బు పేరు పాడవుతుందని ఒకరు, పోటీ ఆగిపోతుందని ఒకరు, ఇంట్లో తెలిస్తే చీవాట్లు తప్పవని ఇంకొకరు దాచేస్తారు. వీధికుక్క పిక్క పట్టుకుంటే పరుగున ఆస్పత్రికి వెళ్ళే మనిషే, లక్ష రూపాయల కుక్క కరిస్తే మర్యాదగా ఊరుకుంటాడు. రేబిస్ వ్యాధికి ఈ మర్యాదలు తెలియవు.

జాతి కుక్క అయినంత మాత్రాన రేబిస్ రాకూడదని లేదు. ప్రదర్శనకు వచ్చే కుక్కలకు టీకాలు వేయించే ఉంటారు, నిజమే. గేటు దగ్గర పశువైద్యుడు కాగితాలు చూస్తాడు. అందువల్ల అపాయం బాగా తగ్గుతుంది. కాని కాగితం మీద తేదీ ఉన్నంత మాత్రాన కుక్క ఒంట్లో రక్షణ ఉన్నట్లు పూర్తి హామీ కాదు. టీకా చల్లగా నిలవ ఉంచి ఉండకపోవచ్చు, మళ్ళీ ఏటా వేయించవలసింది మరిచిపోయి ఉండవచ్చు. కుక్కపిల్లలకు మూడో నెలలో గాని సాధారణంగా మొదటి రేబిస్ టీకా పడదు. ప్రదర్శనకు తోడుగా వచ్చే కూనలను అందరూ ఎత్తుకుని ముద్దాడుతారు. పాలపళ్ళ గాటును గాటుగా ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెట్టాలి.

ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశం వాటా ఎంత అన్న విషయంలో లెక్కలు ఒకదానితో ఒకటి పొసగవు గాని, అతి తక్కువ అంచనా కూడా వేలల్లోనే ఉంది. సాధారణంగా కరిచిన రెండు మూడు నెలలకు జబ్బు బయటపడుతుంది. వారం రోజుల్లోనూ రావచ్చు, ఏడాది పట్టనూ వచ్చు. నీళ్ళు చూస్తే భయం, గొంతు పట్టేయడం మొదలయ్యాక బ్రతికి బయటపడ్డవాళ్ళు ప్రపంచంలో బహు కొద్దిమంది. లక్షణాలు రాకముందు అయితే దీన్ని పూర్తిగా ఆపవచ్చు. ఇంత భయంకరమైన జబ్బుకు ఇంత చక్కని నివారణ ఉండడం అరుదు. 1885 జూలైలో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ కుర్రాడికి లూయీ పాశ్చర్ టీకా వేసి ఈ దారి చూపించాడు.

ఇక్కడ ఒక పాత భయం సంగతి చెప్పాలి. మీ వయస్సు వాళ్ళకు కుక్కకాటు అనగానే బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు గుర్తుకొస్తాయి. కసౌలీలో 1911లో సెంపుల్ అనే డాక్టరు రూపొందించిన, గొర్రె మెదడు నుంచి తీసే టీకా అది. 2005 నాటికి మన దేశంలో దాని వాడకం ఆగిపోయింది. ఇప్పుడు వేసేవి జబ్బచేతికి వేసే చిన్న సూదులు. ఆ పాత పద్నాలుగింటిని తలుచుకుని కాటు దాచేవాళ్ళు ఇంకా ఉన్నారంటే జాలేస్తుంది.

మీరు ఇప్పుడే చేయవలసిన పని ఇది. కుక్కల మధ్య తరచు తిరిగే వాళ్ళకు కరవకముందే టీకా వేస్తారు. మొదటి రోజు, ఏడో రోజు, తర్వాత 21వ రోజు గాని 28వ రోజు గాని — మూడు సూదులు. ఈ వారం మొదలుపెడితే ప్రదర్శన నాటికి ముగుస్తాయి. షుగరు ఉండడం దీనికి అడ్డు కాదు. ముందుగా వేయించుకోవడానికి మందు మీరే కొనుక్కోవలసి రావచ్చు. లాభమేమిటంటే, రేపు కరిచినా మొదటి రోజు, మూడో రోజు రెండే సూదులతో సరిపోతుంది. గాయంలోకి వేసే ఇమ్యూనోగ్లోబ్యులిన్ అవసరం ఉండదు. ఆ మందు వేళకు దొరకడమే కష్టం కాబట్టి, ఇది చిన్న లాభం కాదు. టీకా చీటీ జాగ్రత్తగా దాచండి. పనిలో పని, ధనుర్వాతం ఇంజక్షను ఎప్పుడు చేయించుకున్నారో కూడా మీ డాక్టరుకు చెప్పండి.

కరిచిందనుకోండి. వెంటనే కుళాయి దగ్గరకు వెళ్ళి, ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, మన అంచనాకు రెండు నిమిషాలే పదిహేనులా అనిపిస్తాయి. ఆ తర్వాత అయొడిన్ మందు రాయండి. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి, ఆకుపసరు — ఏదీ వద్దు. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అన్నది సామెతే గాని వైద్యం కాదు. కట్టు కట్టవద్దు. కుట్లు వేయించే తొందర పడవద్దు. గోరు గీరి రక్తం రాకపోయినా టీకా కావాలి. రక్తం వస్తే, లేక ఇదివరకే ఉన్న పుండు మీద నాకితే, కంట్లోనో నోట్లోనో చొంగ పడితే, టీకాతోపాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా కావాలి. చెక్కుచెదరని చర్మం మీద నాకితే ఏమీ అక్కరలేదు, కడుక్కుంటే చాలు.

ముందు టీకా వేయించుకోని మీ తోటి కార్యకర్తలకు కరిస్తే, చర్మం పొరలో వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో రెండు చేతులకూ వేస్తారు. కండలో వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు. "0 రోజు" అంటే మొదటి సూది పడిన రోజు. పిర్రకు మాత్రం వేయించుకోకూడదు, అక్కడ అంత బాగా పనిచేయదు. కాటు తర్వాత వేసే టీకా ప్రభుత్వ ఆస్పత్రుల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం.

ఇంకొక ముఖ్య విషయం. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలంటారు. మొదటి సూది వెంటనే వేయించుకోవాలి. పది రోజుల తర్వాత కూడా కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగిలిన సూదులు అవసరమా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. ఇది వీధిలో సులువే. ప్రదర్శనలో అలా కాదు. సాయంత్రానికి ఒక కుక్క చెన్నైకి, ఒకటి బెంగళూరుకు, ఒకటి హైదరాబాదుకు రైలెక్కేస్తాయి. అందుచేత గాయం కడుగుతూనే కుక్క నంబరు ఎవరిచేతనైనా రాయించండి. నంబరుంటే కేటలాగులో యజమాని పేరు దొరుకుతుంది. కార్యదర్శిని అడిగి ఫోను నంబరు, కుక్క టీకా తేదీ తీసుకోండి. పదో రోజున మీరే ఫోను చెయ్యండి. సిగ్గుపడవద్దు. మంచి యజమాని ఏమీ అనుకోడు. క్లబ్బు వారు రింగుకొక సబ్బు, ఒక బక్కెట్టు నీళ్ళు, కాట్లు రాయడానికి ఒక నోటుపుస్తకం పెడితే ఇంకా మేలు. ఈ మాట మీ మిత్రునికి నా మాటగా చెప్పండి.

అసలు కరవకుండా చూసుకోవడం ఎలాగంటారా? యజమానిని అడగకుండా ముట్టుకోకండి. పైనుంచి నెత్తి మీద చెయ్యి పెట్టకండి, కుక్కకు అది దెబ్బలా కనిపిస్తుంది. కళ్ళలోకి గుచ్చి చూడకండి. తోక ఊపుతోంది కదా అని దగ్గరకు పోకండి. ఒళ్ళు బిగుసుకుని, చెవులు వెనక్కు పెట్టి, కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూస్తూ ఊపే తోక స్నేహానికి గుర్తు కాదు. నిద్రలేకుండానే ఆవలించడం, మాటిమాటికీ మూతి నాక్కోవడం కూడా బెదురుకు గుర్తులే. వరసలో కుక్కకూ కుక్కకూ మధ్య దూరం ఉంచండి, అది మీ చేతిలో పనే. రెండు కుక్కలు కలబడితే మాత్రం చేతులు పెట్టవద్దు. విడదీయబోయిన వాణ్ణి సొంత కుక్కే కరుస్తుంది. నీళ్ళు కుమ్మరించండి, మధ్యకు కుర్చీ తొయ్యండి, గొలుసులు లాగే పని యజమానులకు వదలండి.

మనవణ్ణి తీసుకువెళ్ళండి, కాని మీ వెంట రింగులోకి కాదు. ఆరేళ్ళ పిల్లవాడి మొహం సరిగ్గా పెద్ద కుక్క నోటి ఎత్తున ఉంటుంది. మొహం మీద కాటుకు జబ్బు తొందరగా వస్తుంది. తాడుకు అవతల వాళ్ళ అమ్మ చెయ్యి పట్టుకుని చూడమనండి. రాజపాళయం, ముధోల్ వంటి మన దేశపు కుక్కలు కనిపిస్తే చూపించండి. 2005లో తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు కూడా వేసింది. కుక్కలను ముట్టుకున్నాక, తినేముందు చేతులు కడిగించండి. తామర, ఏలికపాములు ఎక్కువగా చేతుల ద్వారానే వస్తాయి. ఇంటికొచ్చాక చెవుల వెనక, చంకల్లో పిడుదులు పట్టాయేమో చూడండి.

ఇక మీ షుగరు. పోటీల్లో భోజనం వేళకు రాదు, రాసిపెట్టుకోండి. మాత్ర వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే చెమటలు పట్టి, చేతులు వణికి, రింగు మధ్యలో కూలబడతారు. జేబులో బిస్కెట్లు, నాలుగు చక్కెర బిళ్ళలు ఉంచుకోండి. కాళ్ళకు మెత్తటి బూట్లు, మేజోళ్ళు వేసుకోండి. ఈ పనికి చెప్పులు పనికిరావు. రాత్రి పాదాలు వెలుతురులో పరీక్షించుకోండి. మీకు కుక్క గాటు పడితే అది చీము పట్టే అవకాశం ఇతరులకంటే ఎక్కువ, అందుచేత యాంటీబయాటిక్ సంగతి అదే రోజు డాక్టరును అడగండి. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ఆ మాటా చెప్పండి.

చలికాలమే అయినా మధ్యాహ్నం ఎండ ఎండే. టోపీ, మంచినీళ్ళు మీకే కాదు, కుక్కకూ కావాలి. మనలా దానికి ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే దాని చల్లదనం. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్క విపరీతంగా రొప్పుతూ తూలుతుంటే వరస ఆపించి, నీడకు చేర్చి, మామూలు నీళ్ళతో తడిపి విసరమనండి. పశువైద్యుణ్ణి పిలిపించండి. తలుపులు వేసిన కారులో కుక్క కనిపిస్తే మైకులో చెప్పించడానికి న్యాయనిర్ణేత అనుమతి అక్కరలేదు.

ప్రశ్న: కాలేజీలో చదువుతున్నాను. కుక్కల ప్రదర్శనలో పేర్లు నమోదు చేసే బల్ల దగ్గర కూర్చోవడానికి ఒప్పుకున్నాను. నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. కుక్కలున్న ఇంటికి వెళితే తుమ్ములు వస్తాయి. ఇన్‌హేలర్ జేబులో ఉంటే చాలా?

— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చాలదు. మీకు పడనిది కుక్క వెంట్రుక ఒక్కటే కాదు, దాని చొంగలోనూ చర్మం పొట్టులోనూ ఉండే పదార్థాలు కూడా. గాలి ఆడని హాలులో దువ్వెనలు వేసే చోట అవి మరీ ఎక్కువ. మీ బల్ల ఆరుబయట, గాలికి ఎదురుగా వేయమని అడగండి. రోజూ వాడవలసిన ఇన్‌హేలర్ ఆ వారం అసలు మానవద్దు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది దగ్గర ఉంచుకోండి. ఈమధ్య నెల రోజుల్లో ఆయాసంతో రాత్రిపూట నిద్రలేచి ఉంటే ఈసారికి బల్ల దగ్గర కూర్చోకండి. నమోదు జాబితాలు, సర్టిఫికెట్లు రాసే పని ఇంటి దగ్గరే చేసిపెడతానని చెప్పండి. క్లబ్బు వాళ్ళకు ఆ పనికి కూడా మనుషులు దొరకడం లేదు.