పంటి ఫిల్లింగుకు అతుకే ప్రాణం

రైలుమార్గంలో బలహీనమైన చోటు ఏదని ఖరగ్‌పూర్‌లో పాత ఉద్యోగులనడిగితే, పట్టాకూ పట్టాకూ నడుమనున్న అతుకేనంటారు. ఇప్పుడు పట్టాలను చాలాచోట్ల వెల్డింగు చేసి కలుపుతున్నారు గాని, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో కొలువుల కోసం ఆ ఊరు చేరిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి తరతరాలుగా తెలిసినదే. పుచ్చిన పంటిలో వైద్యుడు నింపే ఫిల్లింగుకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. తరచుగా చెడేది నడుమ భాగం కాదు, అంచు.

పంటికీ ఫిల్లింగుకూ మధ్య కంటికి కానరాని సందు ఏర్పడితే చాలు, సూక్ష్మజీవులు అందులో చేరి చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఫిల్లింగుకన్న దాన్ని పట్టి ఉంచిన పంటినే ఎక్కువగా కరిగిస్తుంది. కనుకనే ఒకనాడు ఫిల్లింగు చెక్కుచెదరకుండానే ఊడి చేతికి వస్తుంది.

అతుకు గట్టిదనం మొదట వైద్యుని చేతిలో ఉంది. పాదరసం, వెండి, తగరం, రాగి కలిసిన అమాల్గం కొద్దిపాటి తడిని ఓర్చుకుంటుంది. పాదరసం కారణంగా ఐరోపా సమాజ దేశాలు 2025 నుంచి దాని వాడకాన్ని దాదాపుగా నిషేధించాయి. పంటిరంగులో ఉండే కాంపోజిట్‌కు ఆ ఓర్పు లేదు. ఉమ్మి తగిలితే సరిగా అంటుకోదు. 1864లో అమెరికా దంతవైద్యుడు శాన్‌ఫోర్డ్ బార్నమ్ ప్రవేశపెట్టిన రబ్బరు తెర నేటికీ అవసరమవుతున్నది ఇందుకే. పైగా కాంపోజిట్ నీలికాంతికి గట్టిపడుతూ కొంచెం కుంచించుకుపోతుంది. అందుచేత రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా నింపడం వాడుక. చకచకా ముగించే వైద్యునికన్న, చాలాసేపు నోరు తెరిపించి విసిగించే వైద్యుడే మేలు!

తక్కినది రోగి వంతు. రాత్రి డ్యూటీలో మెలకువ కోసం మాటిమాటికీ తీపి టీ తాగేవారికి ఒక హెచ్చరిక: ఎంత చక్కెర తిన్నారన్నదానికన్న, ఎన్నిసార్లు తిన్నారన్నదే పంటికి ముఖ్యం. ఒక్కసారి గ్లాసెడు తాగడంకన్న, గుక్కెడు గుక్కెడుగా గంటలకొద్దీ తాగడం ఎక్కువ చేటు. ఇక తాంబూలంలోని వక్క పంటిని అరగదీస్తుంది, ఒక్కొక్కప్పుడు పగులుస్తుంది. నోటి క్యాన్సర్ భయం సరేసరి.

అమాల్గం పూర్తిగా గట్టిపడడానికి ఒక దినం పడుతుంది. అంతవరకు ఆ వైపున గట్టివాటిని నమలరాదు. ఏ రకం ఫిల్లింగయినా, కొరికినప్పుడు ఎత్తుగా తగిలితే "సర్దుకుంటుందిలే" అని ఊరుకోరాదు. నమిలే భారమంతా ఆ ఒక్కచోటనే పడుతుంది. వెంటనే వెళ్ళి అరగదీయించుకుంటే అయిదు నిమిషాల పని.

ఫ్లోరైడ్ పేస్టుతో రెండుపూటలా తోముకోవాలి. పళ్ళ సందులను దారంతో శుభ్రపరచుకోవాలి. కీమన్ లైను వెంబడి నడుస్తూ అతుకులను పరిశీలించినట్లు, దంతవైద్యుడూ అప్పుడప్పుడు అంచులను చూడాలి. లోపం చిన్నదైతే ఫిల్లింగంతా పెకలించనక్కరలేదు, ఆ మేరకే బాగుచేయవచ్చు. నొప్పి పుట్టేదాకా ఆగినవారికి మాత్రం తరచుగా పుచ్చు నరం దాకా పాకి ఉంటుంది.