రోడ్డుతో పాటు ఫోనూ తెగితే? కొండలపై హామ్ రేడియో ఛాలెంజ్ ఎలా ఉండాలి

2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానలకు డిండి జలాశయం పొంగింది. నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతల మండలం లత్తీపూర్ దగ్గర హైదరాబాద్–శ్రీశైలం రహదారి కోతకు గురై రాకపోకలు ఆగిపోయాయి. ఇలాంటి సమయంలో రోడ్డుతో పాటు ఫోన్ కూడా తెగితే పరిస్థితి ఏమిటి?

ఇది ఊహకు అందని విషయమేమీ కాదు. ఫైబర్ కేబుళ్లు చాలాచోట్ల రోడ్డు పక్కనే వెళతాయి. సెల్ టవర్లకు బ్యాటరీలు, డీజిల్ జనరేటర్లు ఉన్నా, డీజిల్ తెచ్చే దారి మూసుకుపోతే అవి ఎక్కువసేపు పనిచేయవు. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర వరదలకు కర్నూలు, అలంపూర్ మునిగిన సంగతి ఈ ప్రాంతానికి బాగా గుర్తుంది.

అలాంటప్పుడు పనికొచ్చే వాటిలో హామ్ రేడియో ఒకటి. చాలా దేశాల్లో హామ్‌లు కొండలెక్కి పోటీలు పడుతుంటారు. అలాంటి పోటీని ఇక్కడ ఏటా పెడితే లాభం ఉంటుందా? ఉంటుంది. అయితే పాయింట్లు దేనికి ఇస్తామన్న దాన్ని బట్టే ఆ లాభం ఉంటుంది.

హామ్ రేడియో అంటే?

లైసెన్స్ తీసుకుని, వ్యాపారం కోసం కాకుండా, ఆసక్తితో రేడియో నడిపేవారే హామ్‌లు. టవర్, సిమ్, ఇంటర్నెట్ ఏవీ అక్కర్లేదు. రెండు సెట్లు, రెండు యాంటెనాలు, బ్యాటరీ ఉంటే చాలు. మామూలు రోజుల్లో ఇతరుల సందేశాలు మోయడానికి వీల్లేదు. విపత్తుల్లో మినహాయింపు ఉంటుంది.

దీనికి పెద్ద ఉదాహరణ అండమాన్. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. ప్రపంచంలోని హామ్‌లతో వీలైనన్ని కాంటాక్టులు చేయడం వారి లక్ష్యం. డిసెంబరు 26న సునామీ వచ్చింది. సరదా కోసం తెచ్చిన సెట్లే ఆ తర్వాత బాధితుల క్షేమ సమాచారం చేరవేశాయి. సెట్లు సిద్ధంగా ఉండటం, నడిపేవారి చేయి తిరిగి ఉండటమే అందుకు కారణం.

కొండ ఎందుకు?

చేతిలో పట్టే వీహెచ్‌ఎఫ్ సెట్ తరంగాలు దాదాపు చూపు మేరకే వెళతాయి. నేల మీద నిలబడిన ఇద్దరి మధ్య, అడ్డేమీ లేకపోయినా, 10 కిలోమీటర్ల దాకా అందడమే గొప్ప. అదే సెట్‌ను చుట్టుపక్కల నేల కన్నా 300 మీటర్ల ఎత్తుకు తీసుకెళితే రేడియో హద్దు లెక్క ప్రకారం 70 కిలోమీటర్లు దాటుతుంది. కొండకు ఇవతల ఒకరు, అవతల ఒకరు ఉంటే పైనున్న మనిషి ఇద్దరికీ వారధి అవుతాడు.

ప్రపంచంలో ఎలా చేస్తున్నారు?

‘సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్’, పొట్టిగా ‘సోటా’, 2002 మార్చి 2న బ్రిటన్‌లో మొదలైంది. చుట్టూ ఉన్న నేల నుంచి సాధారణంగా 150 మీటర్లైనా ప్రత్యేకంగా లేచిన శిఖరాన్నే జాబితాలో చేరుస్తారు. శిఖరం ఎత్తును బట్టి పాయింట్లు ఉంటాయి. అవి దక్కాలంటే పైనుంచి కనీసం 4 స్టేషన్లతో మాట్లాడాలి. ఒక శిఖరానికి ఏడాదిలో ఒక్కసారే పాయింట్లు ఇస్తారు. వాహనంలో కూర్చుని మాట్లాడితే చెల్లదు. డీజిల్, పెట్రోల్ జనరేటర్ కుదరదు. ఇంట్లోనే ఉండి శిఖరం మీది వారిని పట్టుకునే ‘చేజర్ల’కూ పాయింట్లు ఉంటాయి.

వీటిలో జనరేటర్ వద్దన్న నియమం, చేజర్లకు పాయింట్లు ఇవ్వడం మనకు బాగా పనికొస్తాయి. కరెంటు పోయిన రోజు మిగిలేది బ్యాటరీయే. కొండ ఎక్కలేని పెద్దవారు, వికలాంగులు ఇంటి నుంచే పాల్గొనవచ్చు.

ఇక్కడ మార్చాల్సినవి ఏమిటి?

మొదటిది శిఖరం నియమం. అచ్చంపేట దాటితే మొదలయ్యే నల్లమల చాలావరకు పీఠభూమి. దాని నడిమధ్య ఉన్న ఎత్తైన చోటు నుంచి ఉప్పునుంతల మైదానం కనిపించాలని లేదు. ఉమామహేశ్వరం వైపు కొండ అంచు నుంచి మైదానం కనిపిస్తుంది. సోటా లెక్కలో అంచుకు విలువ లేదు. వరద రోజున మాత్రం అదే ముఖ్యం. కాబట్టి స్థానిక జాబితాలో శిఖరాలతో పాటు అంచులకూ చోటివ్వాలి.

రెండోది నీడ సమస్య. మైదానం వైపు చూసే అంచు నుంచి అడవి లోపలి చెంచు పెంటలకు సిగ్నల్ అందకపోవచ్చు. అందుకే ఒక్క కొండకు కాకుండా, ఒకదానికొకటి కనిపించే రెండు కొండల జతకు పాయింట్లు పెట్టాలి. లోపలి పెంట నుంచి బయటి మండల కేంద్రానికి మాట చేరిందా అన్నదే పరీక్ష కావాలి.

పాయింట్లు దేనికి?

కాంటాక్టుల సంఖ్యకు పాయింట్లు ఇస్తే అందరూ హైదరాబాద్ వైపు యాంటెనా తిప్పుతారు. అక్కడ హామ్‌లు ఎక్కువ కాబట్టి లెక్క త్వరగా పెరుగుతుంది. ఉప్పునుంతలకు ఒరిగేది ఉండదు.

దాని బదులు మూడు విషయాలకు పాయింట్లు ఇవ్వొచ్చు. ఎన్ని వేర్వేరు మండలాలకు మాట చేరిందన్నది మొదటిది. 25 పదాల నమూనా సందేశాన్ని అవతలివారు తప్పు లేకుండా రాసుకున్నారా అన్నది రెండోది. సహాయ శిబిరంలోని పేర్లు, మందుల పరిమాణం చెప్పేటప్పుడు ఒక్క అంకె తప్పినా ముప్పే. మూడోది, ఆ ఏడాదే లైసెన్స్ పొందిన కొత్తవారిని వెంట తీసుకెళ్లారా అన్నది. కొత్తవారు రాకపోతే పదేళ్లకు పోటీ ఉంటుంది, నడిపేవారు ఉండరు.

మెరుపులు కనిపించగానే దిగివచ్చిన జట్టుకు పాయింట్లు పోకూడదు. కొండ మీద యాంటెనా పట్టుకున్న మనిషికి పిడుగు కన్నా పెద్ద ప్రమాదం లేదు.

ఎప్పుడు, ఎక్కడ?

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం. జూలై నుంచి సెప్టెంబరు వరకు పర్యాటకులకూ ప్రవేశం ఉండదు. వేసవిలో కార్చిచ్చుల భయం. అడవి వైపు కొండలకు నవంబరు నుంచి జనవరి అనువైన కాలం. అదీ అటవీ శాఖ ఒప్పుకున్న దారుల్లోనే.

కానీ వరదలు అంతకు ముందే వస్తాయి. అందుకే జూన్ మొదట్లో, వానలు ముదరకముందే, అభయారణ్యం బయట ఒక రోజు సాధన అవసరం. వనపర్తి జిల్లా ఘనపురం ఖిల్లా వంటి చోట్లు ఇందుకు సరిపోతాయి. ఆ రోజు జిల్లా విపత్తు నిర్వహణ సిబ్బంది కూడా వింటే, ఎక్కడ మాట అందుతుంది, ఎక్కడ అందదు అన్న మ్యాప్ ఏటా వారి చేతికి వస్తుంది. ప్రభుత్వానికి ఈ పోటీ ఇవ్వగల అసలు ఫలితం ఆ మ్యాపే.

మీరు పాల్గొనాలంటే?

కేంద్ర టెలికాం శాఖ కింద ఉన్న డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెట్టి లైసెన్స్ ఇస్తుంది. 12 ఏళ్లు నిండినవారు రాయవచ్చు. దరఖాస్తు ‘సరళ్ సంచార్’ పోర్టల్‌లో చేయాలి. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో కనిపించిన వాకీటాకీ కొని కొండెక్కితే సరిపోదు. లైసెన్స్ లేకుండా వాడదగ్గ తక్కువ శక్తి సెట్లు 446.0–446.2 మెగాహెర్ట్జ్ మధ్యే పనిచేయాలి. అనుమతి లేని వాకీటాకీల అమ్మకంపై 2025లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ అథారిటీ ఈ-కామర్స్ సంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది.

రేడియోతో కానిది?

2025 ఫిబ్రవరి 22న ఇదే జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నారు. అలాంటి చోట కొండ మీది సెట్ పనికిరాదు. వీహెచ్‌ఎఫ్ తరంగాలు రాతిని చీల్చుకు వెళ్లలేవు. హామ్ రేడియో సెల్ టవర్‌కు ప్రత్యామ్నాయమూ కాదు. అడవి లోపలి పెంటలకు నెట్‌వర్క్ ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానికి అలాగే ఉంటుంది.

టవర్ ఆగిన రాత్రికీ, అది మళ్లీ పనిచేసే ఉదయానికీ మధ్య మాట తెగకుండా చూడటమే హామ్‌ల పని. ఆ రాత్రి ఎవరు ఏ కొండ మీద ఉండాలో ముందే తెలియాలి. ఏటా జరిగే పోటీ ఆ జాబితాను సిద్ధం చేయగలిగితే దాని పని అది చేసినట్టే.