కళ్ళకు కట్టిన ఇల్లు

“కళ్ళకు కట్టినట్టు వర్ణించాడు” అని కవులను మెచ్చుకోవడం మా తెలుగు మాస్టర్లకు అలవాటు. క్లాసులో రోజుకు నాలుగుసార్లయినా ఆ మాట అంటాను. ఇంతకాలంగా అంటున్నా, అందులో ‘కట్టడం’ అనేది ఒకటుందని మొన్న ఆదివారం దాకా నాకు తట్టలేదు. ఆ రోజు శామీర్‌పేటలో ఓ కుర్రవాడు నిజంగానే ఒక ఇంటిని తెచ్చి నా కళ్ళకు కట్టాడు. తల వెనక పట్టీ బిగించి మరీ కట్టాడు.

సంగతేమిటంటే, మేము మేడ్చల్‌లో అద్దెకుంటున్నాం. పదకొండేళ్ళలో నాలుగిళ్ళు మారాం. ఊళ్ళో అమ్మ పేర ఉన్న ఇరవై గుంటలు అమ్మి, దానికి నా బ్యాంకు అప్పు జోడించి ఒక ఫ్లాటు కొనాలని మా ఆవిడ సంకల్పం. శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి పొడుగునా ఇప్పుడు చేలకన్న వెంచర్ల బోర్డులే ఎక్కువ కనబడతాయి. అందులో ఒక బోర్డు పట్టుకుని నలుగురం బయలుదేరాం: నేను, ఆవిడ, ఇంటరు చదివే మా అమ్మాయి, మా అమ్మ.

తీరా వెళ్తే బిల్డింగు లేదు. “ఇంకా లేవలేదు సార్, అయినా చూడొచ్చు” అని ఆ కుర్రవాడు నల్లటి కళ్ళద్దాల డబ్బా ఒకటి తీశాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అద్భుతంగా ఉంది. రెండు కళ్ళకూ కాస్త తేడాగా రెండు బొమ్మలు చూపిస్తుందట; వాటిని మన మెదడు కలిపేసుకుని లోతు పుట్టిస్తుంది. తల ఎటు తిప్పితే ఇంట్లో ఆ వైపు కనబడుతుంది. గచ్చు తళతళలాడుతోంది. గడప వస్తే కాలెత్తి దాటాను. బాల్కనీలోకి వెళ్తే ఎదురుగా నీలంగా శామీర్‌పేట చెరువు! మా ఆవిడకు మాత్రం రెండు నిమిషాల్లో కళ్ళు తిరిగాయి. కన్ను ‘నడుస్తున్నాను’ అంటుంది, చెవి లోపలి తూకం ‘నిలబడే ఉన్నాను’ అంటుంది. ఆ తగవులో కడుపు దేవేస్తుంది.

తర్వాత అమ్మ వంతు. నాలుగడుగులు వేసి, అక్కడ కనబడిన సోఫాలో కూర్చోబోయింది. ఆ కుర్రవాడు చప్పున పట్టుకోకపోతే కిందపడేదే. ఆఫీసులో వాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. మయసభలో దుర్యోధనుడు మడుగులో పడడంకంటె, చూసినవాళ్ళు నవ్వడమే కొంప ముంచిందని ఏటేటా పిల్లలకు చెప్పే నేను!

అమ్మ నవ్వలేదు. గాలిలో చెయ్యి చాపి, “గోడ పట్టుకుందామంటె దొర్కుతలేదు బిడ్డా. ఈ ఇంట్ల పొద్దు ఏ దిక్కుకెల్లి వస్తది?” అంది. ఆ కుర్రవాడు కాగితాలు తిరగేశాడు. కళ్ళద్దాల్లో అన్ని గదుల్లోనూ ఎండే.

ఈ విద్య నిన్నటిది కాదు. 1968 నాటికే అమెరికాలో ఐవన్ సదర్లండ్ అనే శాస్త్రజ్ఞుడు ఇలాంటి తలపాగా ఒకటి చేశాడు. బరువెక్కువై దాన్ని పైకప్పుకు వేలాడదీయవలసివచ్చింది. మనవాళ్ళు 1957లోనే ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పెట్టె చూపించారు గదా అంటారేమో. అది తెరిచినవాళ్ళకు తమకు ప్రియమైనవాళ్ళను చూపేది. ఈ డబ్బా అమ్మేవాళ్ళకు ప్రియమైనది చూపిస్తుంది.

అన్ని మాయలనూ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. కిందటేడు బీరువా కొనబోయే ముందు మా అమ్మాయి ఫోను గదివైపు పట్టి, దాని బొమ్మను మా గోడ పక్కనే నిలబెట్టి చూపింది. కిటికీకి అడ్డం వచ్చేట్టుంది. టేపు పెట్టి కొలిస్తే నిజమే, మానేశాం. అక్కడ బొమ్మ ఒక్కటే మాయ. గది మాది, గోడ మాది, టేపు మాది. బొమ్మ అబద్ధమాడితే పట్టేస్తాం. శామీర్‌పేటలో గోడే లేదు, దేన్ని పెట్టి కొలవను?

“జాగ సూపియ్యి” అంది అమ్మ. వెళ్ళాం. రాళ్ళు, రంగు పూసిన పాతుళ్ళు, ఒక బోరుబండి. చెరువు దూరంగా గీతలా ఉంది. మధ్యలో పెద్ద ఖాళీ స్థలం.

“చెరువు ఎక్కడికీ పోదు పెద్దమ్మా” అన్నాడు కుర్రవాడు.

“చెర్వు యాడికీ పోదు బిడ్డా. నడుమ జాగ ఎవలది?”

అతనికి తెలియదు. ఆ జాగాలో రేపు ఎవరైనా పది అంతస్తులు లేపితే మా బాల్కనీకి వాళ్ళ వంటగదులు కనబడతాయి. అన్నట్టు, పది హెక్టార్లకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు కూడదని 2012 నాటి నిబంధన. ఆ గీత కూడా కళ్ళద్దాల్లో కనబడలేదు.

ఇంటికొచ్చి 2016 నాటి రెరా చట్టం తిరగేశాను. 12వ సెక్షను ప్రకారం, ప్రకటనలోగాని, నమూనా ఇంటిలోగాని తప్పుడు సమాచారం చూసి నమ్మి డబ్బు కట్టి నష్టపోతే పరిహారం అడగవచ్చు. వద్దనుకుంటే కట్టిన సొమ్ము వడ్డీతో సహా వెనక్కి అడగవచ్చు. ప్రకటన అంటే ఏ రూపంలో చేసిన ప్రచారమైనా సరేనని నిర్వచనంలోనే ఉంది. 13వ సెక్షను ప్రకారం రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా ధరలో పదోవంతుకు మించి తీసుకోకూడదు. అందుకని మర్నాడు ఫోను చేసి, “మాకు చూపిన ఆ ఇంటి బొమ్మ నకలు ఇవ్వండి, అగ్రిమెంటుకు జత చేద్దాం” అన్నాను. “అది ఊరికే ఒక అవగాహన కోసం సార్” అన్నాడు. ఇరవై గుంటలు ఊరికే రాలేదని అనబోయి ఊరుకున్నాను.

బయానా ఇంకా ఇవ్వలేదు. మా ఆవిడకు కోపంగానే ఉంది. ఆవిడ కోపంలో న్యాయమూ ఉంది, ఇంటివాడు మళ్ళీ అద్దె పెంచాడు. ఆ కుర్రవాడు శనివారం శనివారం ఫోను చేస్తూనే ఉన్నాడు. నిన్న నేను మాట్లాడుతూంటే అమ్మ వంటింట్లోంచి వచ్చి పక్కన నిలబడింది.

“గా అద్దాలల్ల మన ఊరి పాత ఇల్లు సూపిస్తడా అడుగురా.”

ఆ ఇల్లు కూలి తొమ్మిదేళ్ళయింది. ఫోటో ఒక్కటీ లేదు. “నానమ్మా, నువ్వు ఒక్కొక్క గదీ చెప్పు, నేను గీస్తాను” అని మా అమ్మాయి నోటుపుస్తకం తెచ్చుకుంది. రాత్రి పదింటిదాకా ఇద్దరూ కూర్చున్నారు. దర్వాజా, గద్దె, వెనక బావి దాకా వచ్చారు.