అనుమతి అడగని కెమెరా

గత నెలలో ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా మద్రసాకు వచ్చారు. ఆ అమ్మాయి దూరవిద్య ద్వారా డిగ్రీ చదువుతున్నది. పరీక్షను ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చొని వ్రాయాలి. అంతకు ముందు కెమెరాను గది నలుమూలలకూ త్రిప్పి చూపాలన్నది నియమం. "మౌల్వీ సాబ్, మాకున్నది ఒకే గది. మా అత్తగారు మంచం పట్టి ఉన్నారు. ఆ సమయంలో ఆమెను ఎక్కడికి చేర్చాలి?" అని ఆ తల్లి అడిగారు. మేము వెంటనే బదులివ్వలేకపోయాము.

2020లో కరోనా కారణంగా పరీక్షా కేంద్రాలు మూతపడినప్పుడు ఈ పద్ధతి అనేక దేశాలలో వ్యాపించింది. విద్యార్థి తన కంప్యూటర్‌లో ఒక సాఫ్ట్‌వేర్‌ను వేసుకోవాలి. అది ఇతర వెబ్‌సైట్లు తెరవనివ్వదు. గుర్తింపు కార్డులోని ఫొటోను ముఖంతో పోల్చుతుంది. పరీక్ష ముగిసే వరకు దృశ్యాన్నీ శబ్దాన్నీ రికార్డు చేస్తుంది. చూపు ప్రక్కకు మళ్లినా, మరొక ముఖం కనిపించినా, మాట వినిపించినా అనుమానమని గుర్తు పెడుతుంది. ఉయ్యాలలో పసిబిడ్డ ఏడ్చినా దానికి అది శబ్దమే. కొన్ని పరీక్షలలో చెవులు కనిపించాలనే నిబంధన కూడా ఉన్నది. హిజాబ్ ధరించే మన ఆడపిల్లలకు అది ఎంతటి ఇబ్బందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక విషయం ముందే స్పష్టం చేయాలి. పరీక్షలో కాపీ కొట్టడం మోసం. మోసగించేవాడు మనలోని వాడు కాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. నిజాయితీగా చదివిన విద్యార్థి శ్రమకు రక్షణ కావాలి. కనుక పర్యవేక్షణే వద్దని మేము అనడం లేదు. పరీక్షా కేంద్రంలో పర్యవేక్షకుడు తిరుగుతుంటే ఎవరూ తప్పుపట్టరు. కాని కేంద్రం విశ్వవిద్యాలయానిది, ఇల్లు కుటుంబానిది. పరీక్షకు పేరు నమోదు చేసుకున్నది మనుమరాలు. మంచంలోని నాయనమ్మ కాదు.

ఇతరుల ఇళ్లలో ప్రవేశించే ముందు అనుమతి కోరాలని, తిరిగి వెళ్లమంటే వెళ్లిపోవాలని అల్లాహ్ అన్నూర్ సూరాలో ఆదేశించాడు. ఒకసారి ఒక వ్యక్తి దైవప్రవక్త (స) గదిలోనికి రంధ్రం గుండా తొంగిచూశాడు. అనుమతి కోరే నియమం ఏర్పడినదే చూపు కారణంగానని చెప్పి ఆయన (స) ఆ వ్యక్తిని తీవ్రంగా మందలించారు. బుఖారీలోని ఈ హదీసును మేము ఏటా పాఠంగా చెబుతుంటాము. కాలు గడప దాటకపోయినా, కన్ను దాటితే అది ప్రవేశమే.

ఈ ఆవేదన మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు 2021లో రసాయన శాస్త్ర పరీక్షకు ముందు తన గదిని కెమెరాకు చూపవలసి వచ్చింది. గదిలో అతని వ్యక్తిగత పత్రాలు ఉన్నాయి. చూపిన సమయం కొద్ది క్షణాలే. అయినా అది ఇంటిని సోదా చేయడమేనని, రాజ్యాంగం దానిని ఆమోదించదని అక్కడి ఫెడరల్ జిల్లా న్యాయస్థానం 2022 ఆగస్టులో తీర్పు చెప్పింది. మన సుప్రీంకోర్టు కూడా 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ద్వారా గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతున్నది. ఒప్పుకోకుంటే పరీక్షే లేదన్నప్పుడు ఆ సమ్మతిలో స్వేచ్ఛ ఎంత? కాదనే వీలు లేని చోట అడగడం అనుమతి కోరడం అనిపించుకోదు.

మరి తల్లిదండ్రులు ఏమి చేయాలి? ఫీజు కట్టే ముందే పరీక్షా నియమాలు చదివించుకొని వినండి. కేంద్రానికి వెళ్లి వ్రాసే అవకాశం ఉన్నదా, ఆడపిల్లల గుర్తింపును మహిళా ఉద్యోగి పరిశీలిస్తారా, రికార్డును ఎన్నాళ్లు దాచుతారు, ఎవరు చూస్తారు అని వ్రాతపూర్వకంగా అడగండి. ఇంట్లోనే వ్రాయక తప్పకపోతే గోడకు వీపు పెట్టి కూర్చోబెట్టండి. మందులు, బ్యాంకు కాగితాలు, ఫొటోలు ముందుగానే తీసివేయండి. పరీక్ష ముగిసిన వెంటనే ఆ సాఫ్ట్‌వేర్‌ను తొలగించండి. అన్నింటికంటే ముందు, ఇంట్లో ఎవరూ చూడని వేళ కూడా అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహను బిడ్డలలో పెంచండి. అది లేనివానికి ఎన్ని కెమెరాలైనా చాలవు.

ఆ అమ్మాయి చేత విశ్వవిద్యాలయానికి ఒక దరఖాస్తు వ్రాయించాము. సమాధానం ఇంకా రాలేదు. పరీక్ష రోజున మా మద్రసాలో ఒక గదిని ఖాళీ చేసి ఇస్తామని, తల్లి కూడా వచ్చి బయట వరండాలో కూర్చోవచ్చని చెప్పాము. మా గది గోడలకు దాచుకోవలసినది ఏమీ లేదు. ప్రతి మస్జిద్ కమిటీ పరీక్షల కాలంలో ఇలా ఒక గదిని కేటాయిస్తే ఎన్నో ఇళ్ల పరదా నిలుస్తుంది.

అల్లాహ్ మన బిడ్డలకు నిజాయితీని, మన ఇళ్లకు రక్షణను ప్రసాదించుగాక! ఆమీన్.