గర్భం నిలిచింది, మాత్రలు ఆగాయి

ఉన్మాదం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ డిజార్డర్‌కు మందులు వాడుతున్న స్త్రీకి నెల తప్పిందంటే మన ఇళ్లలో ముందుగా ఆగిపోయేవి ఆ మాత్రలే. ఒక్కోసారి ఆమే భయపడి ఆపేస్తుంది. ఒక్కోసారి తల్లి చెబుతుంది, అత్త చెబుతుంది, మందుల షాపతనూ చెబుతాడు. ప్రసూతి డాక్టరే చీటీ చూసి ‘ఇవన్నీ ఇప్పుడొద్దమ్మా’ అనడమూ ఉంది. అందరూ కోరేది బిడ్డ క్షేమమే. మందు వల్ల బిడ్డకు ఏమవుతుందోనని ఇంతమంది ఆలోచిస్తారు గానీ, మందు ఆగితే తల్లికి ఏమవుతుందని అడిగేవారు తక్కువ.

ఆ ప్రశ్నకు జవాబు వెతికిన అధ్యయనం ఒకటి 2007లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చింది. అడెల్ విగెరా బృందం 89 మంది గర్భిణులను గమనించింది. మూడ్ స్టెబిలైజర్లు, అంటే మనసు స్థితిని నిలకడగా ఉంచే మందులు, ఆపేసినవారిలో 85.5 శాతం మందికి గర్భంతో ఉండగానే జబ్బు తిరగబెట్టింది. కొనసాగించినవారిలో ఆ లెక్క 37 శాతం. ఆపిన తీరును బట్టి కూడా తేడా వచ్చింది. మెల్లగా తగ్గించినవారికంటే ఉన్నట్టుండి మానేసినవారికి జబ్బు చాలా త్వరగా తిరిగొచ్చింది. వీరంతా పెద్ద ఆసుపత్రుల ప్రత్యేక క్లినిక్‌లకు వచ్చినవారు కాబట్టి ఇవే శాతాలు ప్రతి స్త్రీకీ వర్తిస్తాయనలేం. కానీ గర్భం ఈ జబ్బు నుంచి రక్షిస్తుందనే పాత నమ్మకానికి మాత్రం ఇక చోటు లేదు.

తిరగబెట్టిన జబ్బు తల్లి ఒక్కదానితోనే ఆగదు. ఉన్మాదం ముదిరితే రాత్రుళ్లు నిద్ర ఉండదు, తిండి మీద ధ్యాస ఉండదు, చెకప్‌లు తప్పిపోతాయి. కుంగుబాటులో ఐరన్ మాత్ర మింగడమూ భారమవుతుంది, చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తాయి. పరిస్థితి చెయ్యి దాటాక ఆసుపత్రిలో రెండు మూడు మందులు, అదీ పెద్ద మోతాదుల్లో ఇవ్వాల్సి వస్తుంది. ఒక మందు నుంచి తప్పించబోయిన బిడ్డకు చివరికి జబ్బు తాకిడీ తప్పదు, అంతకంటే ఎక్కువ మందులూ తప్పవు.

అలాగని ఏ మందైనా ఫరవాలేదనుకుంటే అదీ పొరపాటే. ఈ మందుల్లో ఒకటైన వాల్‌ప్రొయేట్ సంగతి వేరు. గర్భంలో ఈ మందు సోకిన పిల్లల్లో దాదాపు పదిమందిలో ఒకరికి వెన్నుపాము, గుండె, పెదవి, అంగిలి వంటి చోట్ల పెద్ద లోపాలు వస్తాయి. మామూలుగా ఆ లెక్క నూటికి రెండు మూడు. అంతకంటే బాధాకరం, ఈ పిల్లల్లో 30 నుంచి 40 శాతం మందికి మాట, నడక, చదువు ఆలస్యం కావచ్చు. ఈ నష్టం స్కానింగ్‌లో కనిపించదు. డెపాకిన్ పేరుతో ఈ మందు వాడిన ఫ్రాన్స్‌లో బాధిత తల్లులు సంఘం పెట్టి కోర్టులకెక్కారు. 2018లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ బైపోలార్‌కు గర్భిణుల్లో దీన్ని వాడరాదని తేల్చింది. బిడ్డలను కనే వయసు స్త్రీలకు ఇవ్వాలంటే నమ్మకమైన గర్భనిరోధం, ఏటా సంతకాలతో సమీక్ష ఉండాలని షరతు పెట్టింది. ఇది చవకైన మందు, ఉన్మాదాన్ని త్వరగా లొంగదీస్తుంది. అందుకే మన దగ్గర పెళ్లీడు అమ్మాయిల చీటీల్లోనూ కనిపిస్తుంది. ఆ చీటీ రాసేటప్పుడే పిల్లల మాట ఎత్తకపోవడం, నా దృష్టిలో, వైద్యంలో లోపమే.

లిథియం కథ దీనికి దాదాపు తిరగేసినట్టుంటుంది. 1970ల నాటి రిజిస్టర్లలో ఎబ్‌స్టీన్ అనే అరుదైన గుండె లోపం కనబడేసరికి గర్భిణులకు లిథియం పేరెత్తడానికే డాక్టర్లు జంకారు. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పెద్ద పరిశీలన ఆ భయాన్ని తూకం వేసి చూపింది. మొదటి మూడు నెలల్లో లిథియం సోకిన పిల్లల్లో గుండె లోపాలు నూటికి 2.41, సోకనివారిలో 1.15. రోజుకు 600 మిల్లీగ్రాముల లోపైతే అదనపు ముప్పు నామమాత్రం, 900 దాటితే సుమారు మూడు రెట్లు. అంటే ముప్పు ఉంది, కానీ చాలామంది ఊహించుకున్నంత లేదు. మోతాదు చూసుకుని, టిఫా స్కాన్‌తో పాటు బిడ్డ గుండెకు ఎకో కూడా చేయించుకుంటే చాలామంది దీన్ని కొనసాగించవచ్చు. లామోట్రిజిన్‌తో పుట్టుక లోపాల ముప్పు పెద్దగా కనబడలేదు. అది ఉన్మాదానికంటే కుంగుబాటును ఆపడంలోనే మెరుగు. క్వెటియాపిన్, ఒలాంజపిన్ కూడా వాడుకలో ఉన్నాయి. వాటితో బరువూ షుగరూ పెరగకుండా చూసుకోవాలి.

కొనసాగించాలని నిర్ణయించుకున్నాక కూడా పాత మోతాదు పాతగానే పనిచేయదు. నెలలు నిండేకొద్దీ మూత్రపిండాల వడపోత పెరిగి రక్తంలో లిథియం పడిపోతుంది. ఈస్ట్రోజెన్ పెరిగి లామోట్రిజిన్‌నూ వేగంగా ఖర్చు చేసేస్తుంది. మాత్ర తప్పకుండా వేసుకుంటున్నా జబ్బు తిరగబెట్టేది ఇందుకే. అందుకే లిథియం స్థాయిని నెలనెలా, చివరి నెలలో వారంవారం చూడమంటారు.

ఇక్కడ కాలం అసలు చిక్కు తెచ్చిపెడుతుంది. పిండంలో వెన్నుపాము గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన సుమారు నాలుగు వారాలకు. నెల తప్పిందని గమనించి, పరీక్ష చేసుకుని, డాక్టరును కలిసేసరికి ఆ గడువు దాటిపోతుంది. అప్పుడు వాల్‌ప్రొయేట్ ఆపాల్సిందే, కానీ వెన్నుపాముకు జరగాల్సిన హాని అప్పటికే జరిగి ఉండవచ్చు. అదే సమయంలో లిథియం హఠాత్తుగా ఆపడం తల్లికి అన్నిటికంటే చేటు. కాబట్టి ఈ చర్చ గర్భానికి కొన్ని నెలల ముందే జరగాలి. మందు మార్చి, కొత్తది పడుతోందో లేదో చూసి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టేందుకు ఆ వ్యవధి కావాలి.

మన సమాజంలో ఆ చర్చ నోట్లోనే ఆగిపోతుంది. సంబంధం చెడుతుందని పెళ్లికి ముందు జబ్బు దాస్తారు. హిందూ వివాహ చట్టంలో తీవ్రమైన మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణంగా ఉంది, కాబట్టి పెళ్లయ్యాకా దాస్తారు. మాత్రలు చీరల మడతల్లోకి, విటమిన్ డబ్బాల్లోకి చేరతాయి. అత్తారింటి వాళ్లు వెంట వచ్చే చెకప్‌లో ప్రసూతి డాక్టరుకు నిజం చెప్పేదెలా? ఆమె అబద్ధమాడుతోందని నిందించేముందు, నిజం చెబితే ఏమవుతుందో ఆమెకు మనమే నేర్పామని గుర్తుంచుకోవాలి.

కాన్పు తర్వాతి వారాలు మరీ గడ్డువి. మామూలుగా ప్రతి వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వచ్చే ప్రసవానంతర సైకోసిస్, బైపోలార్ ఉన్నవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి రావచ్చు. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే బయటపడుతుంది, అంటే మన లెక్కలో బారసాల లోపు. బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టదు, మాట ఆగదు, అనుమానాలు మొదలవుతాయి, బిడ్డ దైవాంశ అనో కీడు అనో అంటుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తూ కూర్చుంటే ప్రాణాల మీదికి వస్తుంది. అది ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన అత్యవసరం.

సరిగ్గా ఆ వారాల్లోనే ఆమె పుట్టింట్లో ఉంటుంది. చూస్తున్న సైకియాట్రిస్టు వేరే ఊళ్లో ఉంటారు. గర్భంలో పెంచిన లిథియం మోతాదును కాన్పు కాగానే తగ్గించాలి, లేకపోతే రక్తంలో పేరుకుపోతుంది. బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చే పథ్యం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. లిథియం వాడే స్త్రీకి ఆ పథ్యం నిజంగా విషం. సిజేరియన్ నొప్పికి ఇచ్చే డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ కూడా రక్తంలో లిథియం స్థాయిని పెంచుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అందుకే మన దగ్గర ఇది చిన్న విషయం కాదు.

పుట్టింటి ఆచారంలో ఒక మేలూ ఉంది. ఉన్మాదాన్ని రెచ్చగొట్టే వాటిలో నిద్రలేమి ముఖ్యమైనది. రాత్రి పాలు అమ్మమ్మ పట్టి, బాలింతను ఆరేడు గంటలు కదలకుండా పడుకోనిస్తే అది మందుకు తోడు మందు.

చనుబాల విషయంలో పట్టుదలలు రెండు వైపులా ఉన్నాయి. ఒలాంజపిన్, క్వెటియాపిన్ పాలలోకి కొద్దిగానే దిగుతాయి. లామోట్రిజిన్ కొంచెం ఎక్కువే దిగుతుంది, బిడ్డ ఒంటి మీద దద్దుర్లు, మగత గమనించాలి. లిథియం మరీ ఎక్కువ. అందుకే బ్రిటన్ మార్గదర్శకాలు దానితో పాలివ్వద్దంటాయి, కొందరు నిపుణులు మాత్రం బిడ్డకు రక్తపరీక్షలు చేయిస్తూ అనుమతిస్తారు. పోతపాలు పట్టిన తల్లిని తక్కువగా చూసే చుట్టాలు ఆ ఇంటికి కొన్నాళ్లు రాకపోవడమే మంచిది. వాల్‌ప్రొయేట్ పాలలో తక్కువే గానీ, పాలిస్తున్నప్పుడు మళ్లీ గర్భం రాదని ధీమాగా ఉండలేం కాబట్టి దాని ముప్పు తప్పదు.

బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే ప్రత్యేక వార్డు నడుస్తోంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా, మామూలు పరిస్థితుల్లో మూడేళ్ల లోపు బిడ్డను చికిత్స పొందుతున్న తల్లి నుంచి వేరుచేయకూడదని చెబుతోంది. ఆ మాట అమలు కావాలంటే మన రెండు రాష్ట్రాల బోధనాసుపత్రుల్లోనూ అలాంటి పడకలు కొన్నయినా కావాలి. అంతకంటే తక్కువ ఖర్చుతో అయ్యే పని ఒకటుంది. ప్రతి నెలా 9న పీహెచ్‌సీల్లో జరిగే ఉచిత గర్భిణి పరీక్షల రోజున, ఏఎన్‌ఎం ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, ఇంతకుముందు నిద్రకో మనసుకో మాత్రలు వాడావా అని అడగడం. అవునంటే మాత్రలు ఆపమనకుండా ఆ పూటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ కలిపి, సైకియాట్రిస్టు దగ్గరికి పంపడం.