సులోచనను మింగింది టాకీ కాదు

మూకీ తారల ప్రస్తావన రాగానే మనవాళ్లు వల్లించే పాఠం ఒకటుంది: టాకీ వచ్చింది, నోరు విప్పాల్సి వచ్చింది, విప్పలేక తెరమరుగయ్యారు. ఈ పాఠానికి మొదటి ఉదాహరణ సులోచన. అసలు పేరు రూబీ మేయర్స్. పుణెలో పుట్టిన బాగ్దాదీ యూదు పిల్ల, సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్ ఆపరేటరు. హిందుస్తానీ రాదు కాబట్టి టాకీ ఆమెను మింగేసిందని తీర్పు. వినడానికి ఇంపుగానే ఉంది. సాక్ష్యం ముందు మాత్రం నిలవదు.

1931లో ఇంపీరియల్ కంపెనీ తీసిన తొలి టాకీ 'ఆలం ఆరా'లో నాయిక జుబేదా. ఆమె మూకీల్లో పేరు తెచ్చుకున్న నటే. 1927లో మూకీ 'గుణసుందరి'లో నటించిన గోహరే 1934లో టాకీ 'గుణసుందరి'లోనూ నాయిక. మూకీ నటీమణులంతా మాట రానివాళ్లే అయితే వీళ్లెవరు?

ఇక సులోచన. అదే ఇంపీరియల్‌లో తిరుగులేని తార ఆమె. 'వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే'లో తోటమాలి, పోలీసు, హైదరాబాదు పెద్దమనిషి సహా ఎనిమిది వేషాలు కట్టింది. హిందుస్తానీ రాకపోవడం నిజమే. కూర్చుని నేర్చుకుంది. 1932లో 'మాధురి' టాకీతో తిరిగొచ్చింది. తర్వాత తన మూకీ విజయాలకే మాటలు తొడిగింది: 'ఇందిరా బి.ఏ.' 1934లో 'ఇందిరా ఎం.ఏ.' అయింది, 'అనార్కలి' 1935లో మళ్లీ వచ్చింది, 'వైల్డ్‌క్యాట్' 1936లో 'బంబై కీ బిల్లీ' అయింది. మాట పెగలని నాయికను పెట్టి ఏ నిర్మాతా వరసగా ఇన్నిసార్లు డబ్బు పోసుకోడు.

టాకీ ఎవరినీ దెబ్బతీయలేదని నా వాదన కాదు. సీతాదేవి టాకీల్లో నిలబడలేదు. పాట తెలిసిన రంగస్థల నటులకు గిరాకీ పెరిగింది. మన 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేషం సురభి నాటకాల నుంచి వచ్చిన కమలాబాయిదే. అయితే కొందరికి జరిగినదాన్ని అందరి నొసటా రాయడం చరిత్ర కాదు.

మరి సులోచనకు ఏమైంది? ఆమె ఒకే కంపెనీకి, బిల్లిమోరియా అనే ఒకే హీరోకు ముడిపడిపోయింది. 1938లో ఇంపీరియల్ మూతపడింది. అప్పటికి ఆమెకు ముప్పై దాటాయి. 1953లో 'అనార్కలి' మరోసారి తీసినప్పుడు, అదే పాత్రను రెండుసార్లు పోషించిన సులోచనకు దక్కింది సలీం తల్లి వేషం. భాష అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ల పాతది. అడ్డొచ్చింది వయసు.

ఆనాటి మూకీలు చాలావరకు నశించిపోయాయి. సినిమాలు చూడకుండానే వాటి తారల మీద తీర్పులిస్తున్నాం. 1973 సంవత్సరానికి సులోచనకు ఫాల్కే అవార్డు ఇచ్చారు గానీ, ఆ తీర్పును మాత్రం ఎవరూ దిద్దలేదు. దిద్దాలంటే కంపెనీల లెక్కలు అడగాలి. ముప్పై దాటిన నాయికకు తల్లి వేషమే ఎందుకని అడగాలి. ఈ రెండో ప్రశ్న ఇవాళ్టి నిర్మాతలకూ తగులుతుంది. నేరమంతా మైకు మీదికి నెట్టేస్తే ఆ ఇబ్బంది ఎవరికీ ఉండదు.